నేను రాసిన, నేను చూడని మ్యాచ్

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలకు ముందే చెప్పేస్తాను. దగ్గర కూర్చుని మ్యాచ్ చూడొచ్చని వస్తున్నట్టయితే రాకండి. టికెట్ కొనుక్కుని పైన మెట్ల మీద కూర్చోండి, పల్లీలు తినండి, అరవండి. ఆట వాళ్ళకి దక్కుతుంది. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి దక్కేది లెక్క.

బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన బల్ల వేసుకుని ఆటగాళ్ళ లెక్కలు రాయడం నా వృత్తి. ఎవరికెన్ని పాయింట్లు, గురి తప్పి తిరిగొచ్చిన బంతి, అదే రీబౌండ్, ఎవరు పట్టారు, బంతి ఎవరు పోగొట్టి టర్నోవర్ చేశారు. జీతమిచ్చిన కంపెనీలో నాకు ఇంకేదో హోదా ఉండేది. అది మా అమ్మకి తప్ప ఎవరికీ గుర్తులేదు కాబట్టి దాని సంగతి వదిలేస్తున్నాను. మొన్న స్వచ్ఛందంగా రిటైరయ్యాను. ఒక క్యాంపులో పిల్లలు "మేడమ్, మీ అనుభవాలు రాసివ్వండి" అన్నారు. సరేనని నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. అంతలో ఫోన్ మోగింది.

"ఉమా, నేనే."

ఆ గొంతు విని ముప్పై ఏళ్ళు కావస్తోంది. అయినా పేరు అడగలేదు.

"ఏందే, సచ్చిపోయిననుకున్నవా?"

"నువ్వు పోతే సికింద్రాబాద్ అంతా వినబడేట్టు పోతావు గానీ, చెప్పు జయశ్రీ."

"నిజామాబాద్ ఇడిశిపెట్టి వచ్చేసిన. యాప్రాల్ల ఒక స్కూల్ల ఆటల టీచర్ని. ఆదివారం మీ ఇంటికి వస్త. ఒక్క మాట అడగాలె."

"ఇప్పుడే అడుగు."

గొంతు తగ్గించింది. తర్వాత అంది. "ఆ ఫైనల్ల నేను మంచిగ ఆడిననా, లేదా? లెక్కలు చెప్పకు. లెక్కలే నన్ను ఎల్లగొట్టినయి. నువ్వు బల్ల కాడ కూసున్నవు గద, నీ కండ్లతోటి చూసింది చెప్పు."

పెట్టేసింది.

ఆ మ్యాచ్‌లో ప్రతి గీతా నా చేత్తో గీసిందే. కానీ దాంట్లో ఒక్క బుట్ట పడటం కూడా నేను చూడలేదు. అందుకే రాద్దామనుకున్న మంచి మాటలు పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

తల దించు

నేను స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ చేశాను. మా నాన్న బందరు నుంచి వచ్చి మోండా మార్కెట్ దగ్గర మందుల దుకాణం పెట్టుకున్న మనిషి. కూతురు బ్యాంకులో చేరుతుందని ఆశపడ్డారు. నేను బంతాట లెక్కల్లో చేరాను. "పాపం, చదువు వంటబట్టలేదు" అని చుట్టాలకి చెప్పుకున్నారు.

అప్పట్లో మన దగ్గర బాస్కెట్‌బాల్‌ని వృత్తిగా ఆడటమంటే ఒకటే దారి. కంపెనీ ఉద్యోగమిస్తుంది, కంపెనీ బనియన్ వేసుకుని కంపెనీ కోసం ఆడాలి. పొద్దున ప్రాక్టీసు, మధ్యాహ్నం ఆఫీసులో సంతకం, సాయంత్రం మళ్ళీ ప్రాక్టీసు. కంపెనీల మధ్య పోటీలు జరిగేవి. మా బల్లకి పెద్ద ఐజాక్ సార్. తిరుమలగిరిలో ఉండేవారు. బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి వచ్చారు. ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా, జేబులో విజిల్. ఆ విజిల్ ఊదగా నేనెప్పుడూ చూడలేదు.

మొదటిరోజు సగటులు ఎలా కట్టాలి, శాతాలు ఎలా తీయాలి అని ఏదేదో అడిగాను.

"గవన్నీ తర్వాత బిడ్డా. ముందు తల దించు."

మా బల్ల పద్ధతి ఇది. ఆట మీద కన్ను వేసేది ఒకరు, కాగితం మీద చెయ్యి వేసేది ఒకరు. చూసేవాళ్ళు రాయకూడదు, రాసేవాళ్ళు చూడకూడదు. ఐజాక్ సార్ చూసేవారు. చూసింది చూసినట్టు నోటితో చెప్పేవారు. ఏ ఉద్రేకమూ లేకుండా, మన స్టేషన్లో రైళ్ళు ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నాయో చెప్పినట్టు.

"ఏడు, షాట్, లేదు. పన్నెండు, రీబౌండ్. పన్నెండు, పాస్, నాలుగు. నాలుగు, షాట్, బుట్ట. అసిస్ట్ పన్నెండు."

నంబర్లంటే బనియన్ల మీద ఉండేవి. బాస్కెట్‌ని ఆయన బుట్ట అనే అనేవారు. నేను తల దించుకుని ఆ నంబర్ల ఎదురుగా గళ్ళలో గీతలు గీస్తూ పోవాలి. ఆయన చెప్పనిది రాయకూడదు, ఆట నడుస్తుండగా ఎదురు ప్రశ్న వేయకూడదు.

ఒకసారి ఆగలేక తల ఎత్తాను. ఒక ఫౌల్ ఒకరిది ఇంకొకరి గడిలో పడింది. సార్ కోప్పడలేదు. "నువ్వు చూసింది ఒక్క బుట్ట. దానికి బదులు ఎన్ని పోయినయో నీకే తెల్వదు" అన్నారంతే. మళ్ళీ ఎత్తలేదు.

తల దించినవాళ్ళకి వేరే ఆట ఒకటి వినబడుతుంది. బోర్డుకి తగిలి పడే బంతి చప్పుడు వేరు, నేరుగా వలలోకి జారే చప్పుడు వేరు. అలసిన బూటు నేల మీద ఎలా కీచుమంటుందో, కోచ్ తిట్టే తిట్టులో ఏది నిజంగా కోపమో ఇప్పటికీ చెప్పగలను.

అసిస్ట్ సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. పాస్ అందుకున్న అమ్మాయి వెంటనే బుట్టలో వేస్తే, ఆ పాస్ ఇచ్చిన అమ్మాయికి దక్కే గీత అది. బుట్ట పడిందా లేదా అన్నది కళ్ళున్న ప్రతివాడూ చెప్తాడు, రిఫరీ చెయ్యి ఎత్తి చూపిస్తాడు. అసిస్ట్‌కి అలాంటి సాక్షులు ఉండరు. చూసేవాడి నోటినుంచి రావాలి. రాకపోతే ఆ పాస్ పుట్టలేదు.

కాగితం చదివే బాసులు

నేను చూసిన బాసుల్లో రెండు రకాలవాళ్ళున్నారు. లెక్క మార్చమనేవాళ్ళు, లెక్క తప్ప ఇంకేదీ చూడనివాళ్ళు. మొదటి రకం వల్ల ఇబ్బంది లేదు. ఒక కోచ్ తన ఊరి అమ్మాయికి రీబౌండ్లు పెంచమని వచ్చి, "ఇంకో నాలుగు గీతలు గీస్తే నీ సొమ్మేం పోయిందమ్మా?" అన్నాడు.

"మీ కరెంటు బిల్లు మీద ఇంకో సున్నా పెడితే మీదేం పోతుంది సార్?" అన్నాను. మళ్ళీ రాలేదు.

ప్రమాదం రెండో రకంతోనే. మా స్పోర్ట్స్ ఆఫీసర్ ఆ రకం. మర్యాదస్తుడు, గొంతు పెంచడు, ఎవరి దగ్గరా టీ కూడా తాగడు. మ్యాచ్‌లకి మాత్రం రాడు. "చూస్తే ఎవరో ఒకరి మీద అభిమానం పుడుతుందమ్మా. కాగితం అయితే అందరికీ సమానం" అనేవాడు. ఎంత గొప్ప మాటో అని అప్పుడు మురిసిపోయాను. స్టాటిస్టిక్స్ చదివినదాన్ని కదా, మురిసిపోక ఏం చేస్తాను? ఇప్పుడు అదే మాట ఎవరైనా అంటే కుర్చీ లాగేస్తాను. అభిమానం పుడుతుందని ఆట చూడటం మానేసినవాడు, వండినవాళ్ళ మీద ప్రేమ పుడుతుందని అన్నం తినడం మానేయాలి కదా!

తొమ్మిదో నంబరు

జయశ్రీది బన్సీలాల్‌పేట్. ఆ మెట్లబావి వెనక గల్లీ. ఇప్పుడు జనం అక్కడ నిలబడి ఫొటోలు దిగుతున్నారు. అప్పుడది బావి అని ఎవరైనా చెప్తే తప్ప తెలియదు, నిండా చెత్త. వాళ్ళ నాన్న సైకిళ్ళు బాగుచేసేవాడు. "మా బాపు గాలి కొడతడు, నేను బంతి కొడత" అనేది. మా ఇద్దరిదీ ఒకే వయసు. నా క్యారేజీలో పప్పు ఆమె తినేది, ఆమె తెచ్చిన పచ్చిపులుసు నేను తాగేదాన్ని. "మీ ఆంధ్రోళ్ళ పప్పుల కారం తప్ప ఏముండదే" అంటూనే గిన్నె ఖాళీ చేసేది.

ఆట నడిపించే గార్డు తను, బనియన్ మీద తొమ్మిది. షాట్లు తక్కువ, పాసులు ఎక్కువ. బుట్ట కనబడుతున్నా పక్కనున్నదానికి ఇచ్చేది. కోచ్ తిట్టేవాడు. "దానికి నాకంటే ఆకలి ఎక్కువుంది సార్" అనేది.

ప్రాక్టీసులో ఆమెని రోజూ చూశాను. మ్యాచ్‌లో ఎప్పుడూ చూడలేదు, మ్యాచ్ ఉన్నదంటే నేను బల్ల దగ్గర తల దించుకున్నానన్నమాటే. ప్రాక్టీసు చూశావు చాలదా అని అడక్కండి. పాటగాడి ఇంటి పక్కన అద్దెకున్నవాళ్ళకి సాధన వినబడుతుంది. కచేరీ వేరు.

ఆ ఏడు గార్డు ఉద్యోగం ఒకటి పర్మినెంట్ చేస్తామన్నారు. టీములో గార్డులు ఇద్దరు, ఇద్దరూ టెంపరరీయే. ఫైనల్ అయ్యాక ఒకరు ఉంటారు, ఒకరు పోతారు. ఆఫీసర్ కాగితం చూసి తేలుస్తాడు. అది అందరికీ తెలుసు.

"భయంగా ఉందా?" అని అడిగాను, బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే.

"భయమెందుకే, రాసేది నువ్వే గద!"

"నేను విన్నదే రాస్తాను."

"గదే అంటున్న. నువ్వు రాస్తే సక్కగ ఉంటది."

ఆగిన గొంతు

మొదటి సగం మామూలుగానే నడిచింది. రెండో సగంలో ఐజాక్ సార్ గొంతు ఆగింది.

"పన్నెండు, రీబౌండ్. పన్నెండు, పాస్, తొమ్మిది. తొమ్మిది..."

నా పెన్ను గాల్లో ఉంది. బూట్ల చప్పుడు, బంతి చప్పుడు, తర్వాత వలలోకి జారిన చప్పుడు, జనం కేక. అప్పుడు ఉలిక్కిపడ్డట్టు, "పదకొండు, బుట్ట" అన్నారు. అసిస్ట్ అనలేదు. ఆట అప్పటికే అవతలి వైపుకి పరుగెత్తింది, ఆయన దాని వెంట పడ్డారు.

ఏదో మరపు అనుకున్నాను. మళ్ళీ తొమ్మిది చేతికి బంతి వచ్చింది, మళ్ళీ ఆగారు. బల్ల కింద ఆయన బూటుని నా కాలితో తన్నాను. మామూలు రోజైతే ప్రాణం పోయినా చేయని పని. "ఆఁ, నాలుగు, బుట్ట" అన్నారు. నియమం తప్పి, "పాస్ ఎవరు సార్?" అని అడిగాను. వినిపించుకోలేదు. ఆ సగమంతా అలాగే. జయశ్రీ చేతిలో బంతి ఉన్నంతసేపూ పక్కనున్న మనిషి ఊపిరి వినబడుతోంది, మాట వినబడటం లేదు.

కానీ విజిల్ పడితే మేలుకునేవారు. ఆమె పాస్ అందుకోలేక ఎవరో బంతి బయటికి వదిలేస్తే రిఫరీ విజిల్ ఊదుతాడు. "తొమ్మిది, టర్నోవర్" అని వెంటనే వచ్చేది. తప్పుకి విజిల్ ఉంది. ఒప్పుకి లేదు. అలా తప్పులన్నీ కాగితమెక్కాయి.

తల ఎత్తాలని మెడ నరాలు లాగాయి. ఎత్తలేదు. అదే పని అనుకున్నాను.

మా టీము గెలిచింది. తొమ్మిదో నంబరు ఎదురుగా ఎనిమిది పాయింట్లు, మూడు అసిస్టులు, ఐదు టర్నోవర్లు.

గొడవ

జనం వెళ్ళిపోతుండగా బల్ల దగ్గరే పట్టుకున్నాను.

"సార్, మీరు ఆగారు. తొమ్మిది దగ్గర."

"ఆగిన."

"పదకొండుకి పాస్ ఎవరిచ్చారు?"

"తొమ్మిదే ఇచ్చింది."

"మరి గీస్తాను."

"గీయకు."

"ఎందుకు గీయకూడదు? చూసింది మీరు, చెప్తున్నది మీరు!"

"అప్పుడు చెప్పలె బిడ్డా. ఇప్పుడు చెప్పుమంటే ఎన్నయినా చెప్తా. ఆ పిల్ల ఆట చూసినంక నాకు ఇచ్చినయి సుత చెప్పబుద్ధయితుంది, ఇయ్యనియి సుత చెప్పబుద్ధయితుంది. గది లెక్క కాదు, ముచ్చట."

"మీ లెక్క వల్ల దాని నౌకరీ పోతుంది."

"తెలుసు."

కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఆయన చొక్కా నలగడం నేను చూడటం అదే మొదటిసారి. మర్నాడు ఆయనే ఆఫీసర్ దగ్గరికి వెళ్ళి నోటితో చెప్పారు. "కాగితంలో లేదు కదా మాస్టారూ" అన్నాడట ఆఫీసర్, చాలా మర్యాదగా.

ఐజాక్ సార్ చేసింది ఒప్పేనని మా బల్ల వాళ్ళందరూ అన్నారు. నేను అనను. ఆయన పోయి ఏళ్ళయింది, ఆయన దగ్గర నేర్చుకున్న పనితోనే బతికాను, అయినా అనను. గుర్తు తెచ్చుకుని గీతలు గీస్తే అబద్ధం, ఒప్పుకుంటాను. మరి చూడాల్సినవాడి నోరు పడిపోయిన చోట ఏమీ జరగనట్టు ఖాళీ వదిలేస్తే అది నిజమా?

ఉద్యోగం రెండో గార్డుకి వెళ్ళింది. కాగితం జయశ్రీకి చూపించారు. నిలబడి చదివింది. నా వైపు తిరిగింది.

"నీ చేతిరాతేనా?"

"నాదే."

"అయితే సరిగనే ఉంటది."

అంతే అంది. ఏడ్చినా తిట్టినా బాగుండేది. ఆ వారమే నిజామాబాద్ వెళ్ళిపోయింది. ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. రాసిందైనా ఏముంది, క్షేమమా అని. నువ్వు బాగా ఆడావని ఏ కళ్ళతో రాయను?

సున్నా

తర్వాత నేను చూసే కుర్చీలోకి వచ్చాను. ఇరవై ఏళ్ళకి పైగా తల ఎత్తుకుని ఆటలు చూశాను. గొప్ప గొప్పవాళ్ళని చూశాను. నా గొంతు ఎప్పుడూ ఆగలేదు. అది నా నేర్పు అని పొగిడారు. నాకు మాత్రం ఒక్కసారైనా ఆగిపోవాలని ఉండేది. ఎవరైనా వచ్చి నా నోరు కట్టేయాలని ప్రతి మ్యాచ్ ముందూ ఎదురుచూశాను. మంచి పాస్ పడ్డప్పుడల్లా, ఇంతకంటే ఏం చేసి ఉంటుంది ఆ పిల్ల, ఆయన్ని మూగవాడిని చేయడానికి, అనుకునేదాన్ని. చూసిన ఆటలన్నీ ఇచ్చేస్తాను, ఆ సగం నాకివ్వండి అని ఎవరిని అడగాలో తెలియదు.

నా బల్ల మీద ఒక పద్ధతి పెట్టాను. చూసేవాళ్ళు ఏ కారణంగానైనా చెప్పలేకపోతే, రాసేవాళ్ళు ఆ నంబరు ఎదురుగా చిన్న సున్నా చుట్టాలి. ఇక్కడ ఏదో జరిగింది, మేం పట్టుకోలేకపోయాం అని దాని అర్థం. ఆఫీసర్లకి అది నచ్చలేదు. "ఈ సున్నా ప్లస్సా, మైనస్సా?" అనేవారు. "ఆట చూసి తెలుసుకోండి" అనేదాన్ని. ఇప్పుడు మీ చేతుల్లో ట్యాబులున్నాయి, ప్రతిదానికీ ఒక బటనుంది. ఆ సున్నాకి బటన్ లేదు. మీరు గొడవపెట్టి పెట్టించుకోండి. గొడవపడటం కూడా ఈ పనిలో భాగమే.

ఆదివారం

స్కూటీ మీద వచ్చింది. జుట్టు నెరిసింది, పొట్టిగా కత్తిరించుకుంది. మోకాలికి పట్టీ. మెట్లెక్కుతూ, "లిఫ్ట్ లేని ఇల్లు ఎందుకు కొన్నవే, పిసినారిదానా" అంది. టీ ఇచ్చాను. పంచదార తక్కువైందని తిట్టింది. తర్వాత కప్పు పట్టుకుని నా మొహంలోకి చూసింది.

"చెప్పు."

"నేను చూడలేదు."

"ఏం చూడలె?"

"ఆ మ్యాచ్. నువ్వు ఆడిన ఏ మ్యాచూ చూడలేదు. రాసేవాళ్ళు తల ఎత్తకూడదు, నీకు తెలుసు కదా."

"నాకెట్ల తెలుస్తది? బంతి పట్టుకొని మీ దిక్కు ఉరికొచ్చినప్పుడల్లా, ఉమ చూస్తున్నది, మంచిగ ఆడాలె అనుకున్న." టీ కప్పులోకి చూసింది. "అందుకే గద కాగితం నమ్మిన. చూసి రాసినవనుకున్న."

అప్పుడు చెప్పాను. సార్ గొంతు ఆగడం, నేను తన్నడం, విజిల్‌కి ఉలిక్కిపడటం, తర్వాత మా గొడవ, నలిగిన చొక్కా. కప్పు కింద పెట్టి వింది.

"మరిచిపోయిండా?"

"మరపు కాదే. నోరు పెగల్లేదు. అన్నేళ్ళు ఆయన పక్కన కూర్చున్నాను, ఇంకెవరి ఆటకీ ఆగలేదు. చూసింది చెప్పమన్నావు, చూడలేదు. విన్నది చెప్తున్నాను."

"ఎన్నిసార్లు ఆగిండు?"

"లెక్కపెట్టలేదు."

"ఏం లెక్కలదానివే నువ్వు!" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే చున్నీతో కళ్ళు ఒత్తుకుంది. "ముసలాయన నా నౌకరి తిన్నడు. నిజామాబాద్ బడిల, గా ఎండల పోరగాండ్లకు విజిల్లు ఊదుకుంట, నాకు ఆట రాదు, రాదు అనుకుంటనే బతికిన. ఆయన ఉన్నడా?"

"లేరు."

"ఉంటే కొడుదును."

"నేనూ నీ వెంట వచ్చేదాన్నిలే."

కింద ఎవరో కూరగాయల బండివాడితో బేరం చేస్తున్నారు.

"ఎట్ల ఆగిండు? చెయ్యి."

"ఏం చేయను?"

"ఆయన లెక్కనే చెప్పవే, ఎట్ల ఆగిండో."

నాకు సిగ్గేసింది. అయినా గొంతు సవరించుకున్నాను.

"పన్నెండు, రీబౌండ్. పన్నెండు, పాస్, తొమ్మిది. తొమ్మిది..."

ఆగాను. ఆయన ఆగినంతసేపూ ఆగాను. జయశ్రీ కళ్ళు మూసుకుని, పట్టీ కట్టిన మోకాలు మీద చెయ్యి వేసుకుని, తల కొంచెం పక్కకి వంచి వింటోంది.

"పదకొండు, బుట్ట."

"ఇంకోసారి," అంది.

మళ్ళీ చెప్పాను. ఈసారి ఆగిన చోట ఇంకా ఎక్కువసేపు ఉండనిచ్చింది. నేను పదకొండు అనబోతుంటే చేత్తో ఆపింది.

"మంచిగనే ఆడిన," అంది, కళ్ళు తెరవకుండానే.

అది ప్రశ్న కాదు.